రుచి చూసే మనిషి

మూలమీద హోటల్లో మధ్యాహ్నం మొదటి పళ్లెం మాస్టారిది. ఆయన రెండు ముద్దలు తిని, కళ్లు మూసుకుని, తల ఊపి, "ఇదీ వంటంటే" అన్నాకే తక్కిన బల్లల మీదికి పళ్లేలు కదులుతాయి. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. బడిలో పాఠాలు చెప్పడం మానేసి పదేళ్లయినా మాస్టారు ఈ తల ఊపే ఉద్యోగం మాత్రం మానలేదు. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నా సరే, ఆ తల ఊగేదాకా పదమూడు బల్లల జనమూ చేతులు కట్టుకుని కూర్చుంటారు. చుట్టుపక్కల నాలుగు వీధుల వాళ్లకీ ఆ హోటలంటే అంత ప్రేమ.

హాలుకీ వంటగదికీ మధ్య గోడలో చదరపు కిటికీ ఒకటుంది. పళ్లేలు అందులోంచే వెళ్తాయి, ఎంగిలివై అందులోంచే తిరిగొస్తాయి. ఆ కిటికీ ఇవతల ముప్పై ఏళ్లుగా నిలబడ్డ మనిషిని అందరూ వంటక్క అంటారు. యజమాని కూడా అక్కా అనే పిలుస్తాడు. ఆయన తండ్రి నాలుగు బల్లలతో హోటలు మొదలుపెట్టిన రోజు నుంచీ గరిటె ఆమె చేతిలోనే ఉంది.

ఆ గరిటె పట్టుకున్న మనిషికి నాలుగు నెలలుగా రుచి తెలీదు. అప్పుడొచ్చిన జ్వరం పది రోజుల్లో తగ్గింది గాని, పోతూ పోతూ ఆమె నాలుకనీ ముక్కునీ వెంటబెట్టుకుని పోయింది. ఇప్పుడు నోట్లో ఉప్పు వేసుకున్నా ఇసక వేసుకున్నా ఒకటే. ఈ సంగతి తెలిసింది లోకంలో ఒక్కరికే. ఆమె తమ్ముడి భార్య, అదే వంటగదిలో సింకు దగ్గర గిన్నెలు తోమే మరదలికి.

సోమవారం పదకొండింటికి మాంసం కూర దగ్గరపడింది. నూనె పైకి తేలింది. బుడగలు చిన్నవై, మందంగా పగులుతున్నాయి. ఇంతవరకూ కంటితో చూసి చెప్పగలదు వంటక్క. ఆ తర్వాతది చేతకాదు. చెవి విరిగిన కప్పులో గరిటెడు పోసి, కడగాల్సిన గిన్నెల మధ్య పెట్టి, వెనక్కి చూడకుండా పొయ్యి దగ్గరికి వచ్చేసింది. మరదలు కిటికీ వైపు వీపు పెట్టి కప్పు ఎత్తింది. హాల్లో గల్లా దగ్గర కూర్చున్న యజమానికి కనబడేది ఆమె మోచేతులూ సబ్బు నురగా, అంతే.

సింకు అంచు మీద గరిటె ఒకసారి తగిలితే ఉప్పు చాలదని. రెండుసార్లయితే కారం చాలదని. మూడయితే మితిమీరింది, నీళ్లు పొయ్యమని. చప్పుడు లేకపోతే అంతా సరిగా ఉన్నట్టు. నోటితో చెప్పడానికి లేదు. ఆ కిటికీ పక్కన గుసగుసలాడినా రెండో బల్ల దాకా వినిపిస్తుంది.

ఒక్క చప్పుడు. వంటక్క ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి, గుప్పిట్లో సగం తీసి, గిన్నె చుట్టూ తిప్పుతూ చల్లింది. ఇంకో కప్పు వెళ్లింది. ఈసారి చప్పుడు లేదు.

మాస్టారు తల ఊపాడు. పళ్లేలు కదిలాయి. కాస్త ఊపిరి సలిపేసరికి ఎదురు దుకాణం టైలరు కడిగిన చెయ్యి తుడుచుకుంటూ కిటికీలోకి తల పెట్టాడు. మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

"వంటక్కా, నీ తర్వాత మా గతేంటి? ఈ చెయ్యి ఎవరికిస్తావు? మరదలికి నేర్పుతున్నావా?"

అడిగినవాడికి అందులో ఏమీ లేదు. కడుపు నిండినవాడి కబురు. కానీ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు వంటక్క చప్పున సింకు వైపు చూసింది. కప్పు ఇతను చూశాడేమో అనుకుంది. అనుకున్నదే తడవు గొంతు పెంచింది.

"దానికా? ఉప్పుకీ పంచదారకీ తేడా తెలీదు దానికి. మొన్న మా తమ్ముడికి టీలో ఉప్పేసి ఇచ్చింది. పాపం వాడు కిక్కురుమనకుండా తాగేశాడు. పెళ్లాం ఇచ్చింది కదా మరి."

అలాంటిదేమీ జరగలేదు. అయినా హాలంతా విన్నది, హాలంతా నవ్వింది. మాస్టారు మీసాలు తుడుచుకుంటూ మరీ నవ్వాడు. సింకులో మరదలి చేతులు ఆగిపోయాయి. ఆమె తల తిప్పి కిటికీ వైపు చూసింది. అందరూ తనవైపే చూస్తూ నవ్వుతున్నారు గనక, తనూ నవ్వింది.

పూట ముగిసేలోపే ఆమెకి పేరు స్థిరపడిపోయింది. "ఉప్పు టీ, ఇటో గ్లాసు కడిగివ్వు" అన్నాడు టైలరు. ఎవరో "ఉప్పు టీ మనకొద్దు బాబోయ్" అన్నారు. మళ్లీ నవ్వు. వంటక్క బెదురు తగ్గింది. అసలు ఇది ముందే చేసి ఉండాల్సింది అని కూడా అనిపించింది. ఉప్పూ పంచదారా తెలీని మనిషి తనకి రుచి చెప్తుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

మంగళవారం చప్పుడు రాలేదు.

కప్పు వెళ్లింది, ఖాళీ అయి, కడిగిన గిన్నెల్లో బోర్లాపడింది. సింకులో నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఒక్కసారికే కుదిరిందన్నమాట, చెయ్యి ఇంకా చెయ్యే అనుకుని వంటక్క పొంగిపోయింది. మాస్టారు పళ్లెం వెళ్లింది. ఆయన మొదటి ముద్ద దగ్గర కాస్త ఆగాడు. గ్లాసెడు నీళ్లు తాగాడు. కళ్లు మూసుకున్నాడు, తల ఊపాడు. "ఇదీ వంటంటే."

పావుగంటలో పళ్లేలు తిరిగి రావడం మొదలైంది. వంటక్క వాటిని ఒక్కొక్కటే తిప్పి చూసింది. రొట్టె అయిపోయింది, కూర అలాగే ఉంది. ఒకదానిలో ముక్కలన్నీ ఒక పక్కకి తోసేసి ఉన్నాయి. ఇంకొకదానిలో కూర మీద కాగితం రుమాలు కప్పేసి పెట్టారు, తినలేదని ఎవరికీ తెలియకూడదన్నట్టు. ఒక్కరూ నోరు తెరిచి మాటనలేదు.

"అక్కా, ఏంటివాళ?" అన్నాడు యజమాని కిటికీ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి.

ఆమె గరిటె పట్టుకుని నిలబడింది. ఉప్పు ఎక్కువైందా, అసలు వెయ్యలేదా, కారం నషాళానికి అంటుతోందా, ఏదీ తెలీదు. తెలీనిదాన్ని ఎలా సరిచేస్తుంది? అప్పుడు మరదలు సింకు వదిలి, తడి చేతులు పమిటకి తుడుచుకుంటూ వచ్చింది. నాలుగు ఉడికించిన బంగాళాదుంపలు చిదిమి గిన్నెలో వేసింది. రెండు చెంబుల నీళ్లు పోసింది. టమాటాలు నలిపి వేసి, మూత పెట్టి, మంట తగ్గించింది. యజమాని కిటికీ గట్టు మీద మోచెయ్యి ఆనించి అంతా చూశాడు. పది నిమిషాల తర్వాత వెళ్లిన పళ్లేలు నాకినట్టు తిరిగొచ్చాయి.

హోటలు ఖాళీ అయ్యాక, గిన్నెలు ఆరబెట్టే పెరట్లో వంటక్క మరదలిని పట్టుకుంది.

"కావాలనే చేశావు కదూ?"

"ఏం చేశాను వదినా?"

"నోరు నొక్కుకుని కూర్చున్నావు. నా పరువు తియ్యడానికి."

మరదలు పళ్లెం తుడుస్తూనే ఉంది. "ఉప్పుకీ పంచదారకీ తేడా తెలీదన్నావుగా. తెలీని మనిషి ఏం చెప్తుంది?"

వంటక్కకి ఒక్క క్షణం సిగ్గేసింది. ఆ సిగ్గుని నిలబడనిస్తే బాగుండేది. కానీ సిగ్గుపడ్డ మనిషికి కోపం తెచ్చుకోవడం తేలిక.

"తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావు. ఆర్నెల్లుగా మీ ఆయన మంచం దిగడం లేదు. నిన్నీ సింకు దగ్గర పెట్టించింది ఎవరు? నేను ఒక్క మాట అంటే ఈ గిన్నెలు కూడా ఉండవు నీకు."

"తెలుసు వదినా."

"తెలిస్తే ఒళ్లు దగ్గర పెట్టుకో."

మరదలు పళ్లెం దొంతర మీద పెట్టింది. "కప్పు పంపించు, చెప్తాను. ఇన్నాళ్లూ చెప్పలేదా? ఒక్కటే అడుగుతున్నా. అందరి ముందూ అలా అనకు. వాళ్లు రోజూ పిలుస్తారు ఇంక ఆ పేరుతో."

"సరేలే," అంది వంటక్క. అన్నదే గాని, టైలరుని పిలిచి అదంతా అబద్ధమని చెప్పాలనే ఆలోచన ఆమెకి రాలేదు.

బుధవారం కప్పు వెళ్లింది, చప్పుళ్లు వచ్చాయి, పళ్లేలు శుభ్రంగా తిరిగొచ్చాయి. గండం గడిచిందనుకుంటూ వంటక్క మూడు గంటలప్పుడు నీళ్ల బాటిల్ కోసం హాల్లోకి వచ్చింది. గల్లా దగ్గర మరదలు నిలబడి ఉంది. యజమాని ముందుకి వంగి ఏదో చెప్తున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపుతూ, రెండు చేతులూ కట్టుకుని ఏదో అంటోంది. వంటక్కని చూడగానే ఇద్దరూ మాట ఆపేశారు.

"అక్కా, రా, నీకే చెబుదామనుకుంటున్నా," అన్నాడు యజమాని. "రేపు నువ్వు వండద్దు."

"అదేంటి?"

"ఒక్క రోజు. ముప్పై ఏళ్లలో నువ్వు ఈ హాల్లో కూర్చుని తిన్నావా ఎప్పుడన్నా? జ్వరం నుంచి లేచినప్పట్నుంచీ చూస్తున్నా, అలిసిపోతున్నావు. రేపు మరదలు వండుతుంది. నువ్వు మాస్టారి పక్కన కూర్చో. తిని ఎలా ఉందో చెప్పు. బాగుందంటే వారానికి రెండు రోజులు తను పొయ్యి చూసుకుంటుంది, నీకూ కాస్త నడుం వాల్చుకునే వీలుంటుంది."

మాట మెత్తగానే ఉంది. అందులో కల్మషం కూడా లేదు. కానీ వంటక్కకి వినిపించింది వేరు. వారానికి రెండు రోజులు. తర్వాత మూడు. తర్వాత అక్కా, ఇంక నువ్వు ఇంట్లో ఉండు. మరదలి వైపు చూసింది. మరదలు నేల చూస్తోంది. చెప్పేసింది, అనుకుంది వంటక్క. అంతా చెప్పేసింది. మంగళవారం నోరు మూసుకున్నదీ ఇందుకే, గిన్నె దగ్గరికి వచ్చి తన ప్రతాపం చూపించిందీ ఇందుకే.

ఆ పొయ్యి పోతే ఆమెకి ఇంకేం లేదు. మొగుడూ పిల్లలూ ఇల్లూ వాకిలీ అన్నీ ఆ కిటికీ ఇవతలే అయిపోయాయి. రుచి పోయినప్పుడు కూడా ఆమె ఏడవలేదు, పొయ్యి ఉంది కదా అని. ఇప్పుడు ఏడుపొచ్చింది. నీళ్ల బాటిల్ తీసుకుని లోపలికి వచ్చేసింది.

గురువారం ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. మాస్టారు తన పక్క కుర్చీ తనే లాగి పెట్టాడు. బ్యాంకులో పనిచేసే ఆవిడ బల్ల మీది పూలు తెచ్చి వంటక్క ముందు పెట్టింది. అంతా పెళ్లి పెద్దలా చూస్తున్నారు ఆమెని. కుర్చీలో కూర్చుంటే కిటికీ ఎంత ఎత్తుగా ఉందో ఆమెకి మొదటిసారి తెలిసింది. అందులోంచి మరదలి ముఖం, భుజాలు కనిపిస్తున్నాయి. పాత చీరే, కానీ జుట్టు గట్టిగా ముడివేసుకుంది. పెదాలు బిగబట్టి ఒక్కొక్క పళ్లెంలో కొలిచినట్టు వడ్డిస్తోంది.

ఆరోజు మాస్టారు నియమం మార్చాడు. "అందరికీ ఒకేసారి పెట్టండి. ఇవాళ చెప్పాల్సింది నేను కాదు. వంటక్క చెప్పిందాకా నేను నోరు విప్పను."

పళ్లేలు వచ్చాయి. ఆవిరి ముఖానికి తగిలింది. వాసన లేదు. వంటక్క రొట్టె తుంచి, కూరలో ముంచి, నోట్లో పెట్టుకుంది. వెచ్చగా, మెత్తగా ఏదో తిరుగుతోంది నోట్లో. నానిన గుడ్డ నమిలినా అంతే. చుట్టూ చూసింది. ఎవరూ మాట్లాడటం లేదు. టైలరు తల వంచుకుని గబగబా తింటున్నాడు. బ్యాంకావిడ వేలు నాకింది. బాగుండి మాట్లాడటం లేదా? లేక బాగాలేనిది కావాలని పెట్టి, తను బాగుందనగానే పకపకా నవ్వడానికి కాచుకుని ఉన్నారా? రెండూ ఒకేలా ఉన్నాయి. ముప్పై ఏళ్లు జనాన్ని కిటికీలోంచి చూసింది గాని, పక్కన కూర్చుని చూడలేదు.

"ఏమంటావు వంటక్కా?" అన్నాడు మాస్టారు.

నమలడాలు ఆగాయి. కిటికీలో మరదలు రెండు చేతులతో గట్టు పట్టుకుంది. ఆమె కళ్లలో ఏముందో వంటక్కకి స్పష్టంగా కనిపించింది. ఒక్క మాట కోసం చూస్తోంది. ఇన్నాళ్లుగా ఎంగిలి కడిగిన మనిషి ఒక్క మంచి మాట కోసం చూస్తోంది. ఆ మాట అంటే పొయ్యి తన చేత్తో అప్పగించినట్టే.

"ఉప్పెక్కువైంది," అంది వంటక్క.

ఎవరూ పళ్లెం పక్కన పెట్టలేదు. ఇంక ఆగలేక ఆమె ఇంకా అంది. "ముక్క ఉడకలేదు. మసాలా పచ్చివాసన కొడుతోంది. ఇది మీకెలా దిగుతోందో నాకు తెలీదు."

మాస్టారు ఇంకో ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాడు. నుదురు చిట్లించి నమిలాడు. "అవును," అన్నాడు కాసేపటికి. "మొదట తెలీలేదు. ఇప్పుడు తెలుస్తోంది. ఎక్కువే."

"చాలా ఎక్కువ," అన్నాడు టైలరు. అతని పళ్లెం అప్పటికే మూడొంతులు ఖాళీ. మిగిలింది అవతలికి తోసి, నీళ్లు తాగాడు. "ఎంతైనా ఉప్పు టీ కదా."

నవ్వు బల్ల నుంచి బల్లకి పాకింది. ఒక్కొక్కరే పళ్లేలు ముందుకి తోశారు. బ్యాంకావిడ నాకిన వేలు కాగితంతో తుడుచుకుంది. వంటక్క నవ్వలేదు. కిటికీ వైపే చూస్తోంది. మరదలు ఇప్పుడు ఒక్క మాటంటే చాలు, "వదినకి రుచే తెలీదు" అంటే చాలు, అంతా అయిపోతుంది. మరదలు ఆమెనే చూస్తూ కొంతసేపు నిలబడింది. తర్వాత గట్టు మీది చేతులు తీసేసి, ఎంగిలి పళ్లేలు అందుకోవడం మొదలుపెట్టింది.

గిన్నెలో మిగిలిన కూర పారబొయ్యమన్నాడు యజమాని. పెద్ద గిన్నె, ఒక్కరు మొయ్యలేరు. వంటక్క ఒక చెవి, మరదలు ఒక చెవి పట్టుకుని పెరట్లో చెత్త డ్రమ్ము దాకా మోసి, ఇద్దరూ కలిసి వంచారు. ముక్కలు జారిపోయాయి. గిన్నె కింద పెట్టి మరదలు నడుం నిమురుకుంది.

"ముక్క బాగా ఉడికింది వదినా. ఉప్పు సరిపోయింది. కారం ఒక్క పిసరు తక్కువ, అది నా పొరపాటే. మసాలా పచ్చిగా లేదు."

వంటక్క డ్రమ్ము మీద మూత వేసింది.

"నీకింకెవరూ చెప్పరు గనక చెప్తున్నా," అంది మరదలు. గిన్నె తోమింది. పళ్లేలన్నీ తోమి, తుడిచి, దొంతర్లు పెట్టింది. సింకు కూడా కడిగింది. తడిగుడ్డ పిండి తీగ మీద ఆరేసి, చెప్పులు వేసుకుంది. "రేపట్నుంచి రాను," అని యజమానికి చెప్పింది, వదినకి కాదు.

శుక్రవారం పొద్దున యజమాని కూరగాయల బుట్ట దించుతూ అన్నాడు, "నాదే తప్పక్కా. ఆ అమ్మాయి ముందే వద్దంది. మొన్న గల్లా దగ్గర ఎంత బతిమాలిందో తెలుసా? 'వదిన పొయ్యి అది, నేను ముట్టుకోను, ఆవిడ చేతికి మించింది లేదు' అంది. నేనే బలవంతపెట్టాను."

వంటక్క ఉల్లిపాయ కోస్తోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉల్లిపాయకి ఎవరి కళ్లలోనైనా తిరుగుతాయి గనక యజమాని పట్టించుకోలేదు.

పదకొండింటికి కూర దగ్గరపడింది. నూనె తేలింది, బుడగలు మందంగా పగిలాయి. ఆమె గుప్పిట్లో ఉప్పు తీసి చల్లింది. ఇంకొంచెం చల్లింది. అంతకుముందు చల్లిందో లేదో గుర్తు రాలేదు. ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. ఊరికే, అలవాటు కొద్దీ.

పన్నెండున్నరకి హాలు నిండింది. మాస్టారి పళ్లెం వెళ్లింది. వంటక్క కిటికీ దగ్గర నిలబడి ఆయన నోటినే చూసింది. ఆయన మొదటి ముద్ద తిన్నాడు. కనుబొమలు ఒకసారి పైకి లేచాయి, మళ్లీ సర్దుకున్నాయి. గ్లాసెడు నీళ్లు తాగాడు. కళ్లు మూసుకున్నాడు గాని, తల ఊపలేదు. కళ్లు తెరిచి కిటికీ వైపు చూశాడు.

"ఉప్పు సరిపోయిందా మాస్టారూ?" అంది వంటక్క. ముప్పై ఏళ్లలో ఆమె ఎప్పుడూ అడగని మాట అది. ఆయన కాళ్లు పట్టుకుని అడిగినట్టే అడిగింది.

మాస్టారు ఇబ్బందిగా నవ్వాడు. "నన్నడుగుతావేంటి వంటక్కా. నిన్న చూశావుగా నా నాలుక సంగతి. అంత ఉప్పున్నా తెలుసుకోలేకపోయాను."

"మాదీ అంతే," అన్నాడు టైలరు. "నువ్వు చెబితే గాని తెలీలేదు మాకు."

"ఇంకనుంచి నువ్వే చెప్పక్కా," అన్నాడు యజమాని గల్లా దగ్గర్నుంచి. "సరిపోయిందా మరి? పెట్టమంటావా?"

పదమూడు బల్లల జనమూ చేతులు కట్టుకుని ఆమె వైపు చూస్తున్నారు. అందరి ముఖాల్లోనూ నమ్మకమే ఉంది.

"సరిపోయింది," అంది వంటక్క.

పళ్లేలు కదిలాయి. అందరూ తినడం మొదలుపెట్టారు.